పది మెట్ల కింద

కరీంనగర్‌లో మేము పోయే సంతాన కేంద్రం రెండో అంతస్తులో ఉండేది. కింద మందుల దుకాణం, దాని మీద పళ్ల డాక్టరు, ఆ పైన ఈ కేంద్రం. పొద్దున తొమ్మిదింటికల్లా హాలు నిండిపోయేది. ధర్మపురి నుంచి, మంచిర్యాల నుంచి, గోదావరిఖని నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒళ్లో ఫైళ్లు పెట్టుకొని, చప్పుడు లేకుండా నడుస్తున్న టీవీని చూస్తూ కూర్చునేవాళ్లు. అక్కడ ఎవరూ ఎవరి ఊరు, కులం అడగరు. "ఎన్నోసారి?" అని ఒక్కటే అడుగుతారు.

నేను మూడోసారి అని చెప్పేదాన్ని.

నా పేరు నవీన. మాది చొప్పదండి. ఊరి బయట ఉన్న విత్తనాల కంపెనీలో మొలక పరీక్ష చేసే పని నాది. వడ్ల గింజలు వంద లెక్కపెట్టి, తడి కాగితంలో వరుసగా పేర్చి, చుట్టి పెట్టాలి. కొన్ని రోజులయ్యాక విప్పి ఎన్ని మొలిచాయో రాయాలి. మొలవని గింజలు కాగితానికి అంటుకొని నల్లగా బూజు పడతాయి. ఆ పుల్లటి వాసన పదకొండేళ్లుగా నాకు అలవాటు. మా ఆయన భానుప్రసాద్ బస్ డిపోలో మెకానిక్. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ శంకరవ్వ.

మొదటిసారి పెట్టిన పిండం నిలవలేదు. రెండోసారి బల్ల మీద పడుకున్నాక నాకు ఏమయిందో నేనే చెప్పలేను. పైన తెల్లటి లైటు వెలిగింది. సిస్టర్ స్పిరిట్ సీసా మూత తీసింది. ఆ వాసన తగలగానే గుండె గొంతులోకి వచ్చినట్టయింది. కాళ్లు వణికాయి, ఊపిరి అందలేదు. బీపీ నూట డెబ్బై దాటింది. డాక్టరమ్మ రెండుసార్లు ఆపి, అరగంట ఆగి, ఎట్లాగో పని ముగించింది. అదీ నిలవలేదు. ఆ తర్వాత ఇంట్లో డెట్టాల్ వాసన వచ్చినా నా చేతులు చల్లబడిపోయేవి.

ఇప్పుడు ఒక్కటే పిండం మిగిలింది. వాళ్ల దగ్గర గడ్డకట్టించి దాచి పెట్టింది. అది కూడా పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నా ఒంట్లో ఇక అంత శక్తి లేదని ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

డాక్టరమ్మ ఫైలు మూసి నా మొహంలోకి చూసింది.

"మందులు మంచిగనే పనిచేస్తున్నయి నవీనా. నీ భయమే నిన్ను పట్టుకున్నది. ఒళ్లు గట్ల బిగవడితే మంచిది కాదు. మత్తు ఇచ్చేటంత పని కూడ కాదిది, పది నిమిషాల పని. మనం కొత్తగ ఒక పరికరం తెచ్చినం. తహసీన్ చూపిస్తది, పెట్టుకొని చూడు."

తహసీన్ అక్కడి కౌన్సెలర్. కరీంనగర్ పిల్లే. ఇరవై ఆరేళ్లుంటాయేమో, మెల్లగా మాట్లాడేది. నడవా చివరి గదిలోకి తీసుకపోయి వాలుకుర్చీలో పడుకోబెట్టింది. పరదా వేసింది. నల్లటి డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుంది. హెల్మెట్‌ను ముందు సగం కోసినట్టు ఉంది. కళ్ల మీద పెట్టి తల వెనక పట్టీ బిగిస్తే బయటి లోకం ఏమీ కనబడదు. లోపల ఇంకో లోకం కనబడుతుంది.

"హిప్నాటిజం అంటే పరేషాన్ గాకు అక్కా," అంది. "నిన్ను ఎవ్వరు వశం చేసుకోరు. గొంతు చెప్పినట్టు పది మెట్లు దిగుతవు, జర సేపు కూసుంటవు, మళ్ల పది మెట్లెక్కి వస్తవు. గంతే."

ఆమె చెప్పినట్టే జరిగింది. కళ్ల ముందు పచ్చటి అడవి తెరుచుకుంది. టేకు చెట్లు, ఆకుల మధ్య ఎండ. కిందికి రాతిమెట్లు. ఒక ఆడగొంతు పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు. భుజాలు వదులు చేయండి... దవడ వదులు చేయండి... కింద చిన్న వాగు. 'ఇది మీ చోటు. ఇక్కడ మీకు ఏ భయమూ లేదు' అంది ఆ గొంతు. తర్వాత బొమ్మంతా మెల్లగా నల్లబడింది. మూడు నిమిషాలు చీకటి. నీళ్ల చప్పుడు మాత్రమే. ఆ తర్వాత అదే గొంతు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి నన్ను పైకి తీసుకొచ్చింది.

బీపీ చూస్తే నూట ఇరవై. ఆ రోజు బస్సులో చొప్పదండి దాకా నిద్రపోయాను. ఎన్ని నెలలయిందో నాకు అట్లాంటి నిద్ర పట్టి.

ఐదు రోజుల తర్వాత స్కానింగ్‌కు పోయినప్పుడు రెండోసారి పెట్టుకున్నాను. పగలు పదకొండు గంటలు. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వినబడుతున్నాయి. మెట్లు దిగాను. వాగు దగ్గర కూర్చున్నాను. చీకటి పడింది.

నీళ్ల చప్పుడు కింద ఇంకేదో సన్నటి చప్పుడు ఉంది.

గాజుల చప్పుడు. మట్టిగాజులు. కూర్చున్న మనిషి కొంగు సర్దుకుంటే వస్తుందే, అట్లాంటిది. ఒకసారి వచ్చి ఆగింది. కొంచెం సేపటికి మళ్లీ వచ్చింది. తహసీన్ చేతులు కదిలించిందేమో అనుకున్నాను. అప్పుడే వాసన తగిలింది. మొలవని గింజల వాసన. తడి కాగితం విప్పితే గుప్పుమనే ఆ పుల్లటి బూజు వాసన.

కళ్లకు కట్టుకున్న డబ్బాలో బొమ్మ ఉంటుంది, చప్పుడు ఉంటుంది. వాసన ఎట్లా ఉంటుంది?

పైకి వచ్చాక తహసీన్ చేతులు చూశాను. ఒక చేతికి గడియారం, రెండో చెయ్యి బోసి.

"రూములకు ఎవరన్నా వచ్చిండ్రా?" అని అడిగాను.

"లేదక్కా. తలుపు పెట్టే ఉన్నది. ఎందుకు?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ డబ్బా తనే పెట్టుకొని మొత్తం చూసింది. తీసి తల అడ్డంగా ఊపింది. "నీళ్ల చప్పుడే అక్కా, ఇంకేం లేదు. హైదరాబాద్ కంపెనీ వాళ్లు తీసిన వీడియో ఇది. అందరికి ఒక్కటే."

ఆ రాత్రి మా ఆయనకు చెబితే, ఇన్ని మందులు మింగుతున్నప్పుడు చెవుల్లో ఏదో ఒకటి వినబడుతుందిలే అన్నాడు. అత్తమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె అప్పటికే నా కోసం శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది. ఇంకా భయపెట్టడం ఎందుకనుకున్నాను.

మూడోసారి పెట్టుకున్నది మంగళవారం. పిండం పెట్టేది శుక్రవారమని రాసి ఇచ్చిన రోజే.

మెట్లు దిగుతుంటేనే వాసన మొదలయింది. దిగిన కొద్దీ ఎక్కువయింది. వాగు దగ్గర కూర్చున్నాను. చీకటి పడింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను.

నా ఎడమ మోకాలి పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

దూరంగా కాదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. అడుగు మెట్టు మీద కూర్చున్నట్టు, నా కంటే కొంచెం కింద. గాజులు కదిలాయి. తర్వాత గుసగుస...

"ఒకటి... రెండు... మూడు..."

ఆగింది.

"ఒకటి... రెండు... మూడు..."

మళ్లీ ఆగింది. ఆడమనిషి గొంతు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు. మళ్లీ మొదలుపెట్టింది. మూడు దాటడం లేదు. నాలుగోసారి మూడు దగ్గర ఆగినప్పుడు, ఆ ఊపిరి నా వైపు తిరిగింది. నా చెంపకు తగిలింది.

"తర్వాత ఎంతక్కా?" అని అడిగింది.

డబ్బా పట్టి పీకి పారేశాను. పట్టీకి వెంట్రుకలు చుట్టుకొని ఊడి వచ్చాయి. గదిలో పరదా సందు నుంచి ఎండ పడుతోంది. తహసీన్ నా ముందు నిలబడి ఉంది.

నేను విన్నది విన్నట్టు చెప్పాను. గాజుల మాటకు ఊరుకుంది. మూడు దగ్గర ఆగుతోందని చెప్పగానే ఆమె వెనక్కి తిరిగింది. పోయి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"నేను చెప్పినట్టు ఎవ్వరికి చెప్పకు అక్కా," అంది.

నాలుగు నెలల కిందట ఆదిలాబాద్ నుంచి మమతారాణి అనే ఆమె వచ్చేదట. ముప్పై ఏళ్లు. పిండం పెట్టే రోజున ఆమెకు ఈ డబ్బానే కట్టారు. మెట్లు దిగింది, కూర్చుంది. గొంతు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టి మూడు అనేసరికి ఛార్జింగ్ అయిపోయి బందయింది.

"మేము దాన్ని పెద్దగ పట్టించుకోలే," అంది తహసీన్. "డబ్బా తీసేసినం. ఆమె కండ్లు తెరిచింది, లేచింది, నడుసుకుంట పోయింది. మంచిగనే ఉన్నదనుకున్నం. వారం తర్వాత వాళ్లాయన ఫోన్ చేసిండు. ఆమె ఎవరితోని సరిగ్గ మాట్లాడ్తలేదట. మెట్టు ఎక్కదట. గడప ముందల కూడ నిలవడిపోతదట. ఏమయిందంటే, నేను ఇంకా పైకి రాలే అంటదట."

"ఇక్కడికి తీసుకరావచ్చు గద?"

"బస్సు ఎక్కదక్కా. బస్సుకు మెట్టుంటది గద. గుంజితే పిచ్చిలేసినట్టు చేస్తది. నేను ఆ గొంతు రికార్డు చేసి వాట్సాప్‌ల పంపిన. ఆయన వినిపిచ్చిండు. ఆమె చెవువెట్టి విని, దూరంగ వినవడ్తంది, ఇక్కడి దాక వస్తలేదు అన్నదట." తహసీన్ కళ్లు తుడుచుకుంది. "పిండం నిలవలేదని మనసు ఖరాబయింది, మనసు డాక్టరుకు చూపియ్యుమని మేడం చెప్పింది. వాళ్లు చూపిస్తనే ఉన్నరు. ఆమె తర్వాత, నీ కంటె ముందు ఇరవై మంది పెట్టుకున్నరు ఇది. ఎవ్వరు ఏం చెప్పలే. నీకే ఎందుకు వినవడ్డదో నాకు తెల్వది."

ఆయన నంబరు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం కంపెనీలో, గింజల గది వెనక నిలబడి ఫోన్ చేశాను. ఆయన పేరు ఓంప్రకాశ్. ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. వెనక మిషన్ల హోరు వినబడుతోంది. నేను చెప్పిందంతా మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నాడు. మిషన్ల చప్పుడు తగ్గింది. బయటికి నడిచి వచ్చినట్టున్నాడు.

"గాజులు ఆకుపచ్చయి ఏసుకున్నది ఆ రోజు," అన్నాడు. "మంచిగైతదని మా అవ్వ ఏయించింది. ఇంటికొచ్చినంక ఒక్కటి లేదు చేతికి. ఏడ పోయినయి అంటే చెప్పలే."

నేను గోడ నీడలోకి జరిగాను.

"అక్కా, నువ్వు మళ్ల పోతవా ఆడికి?"

"శుక్రవారం."

"నేను అడుగుడు తప్పే. నీ బాధల నువ్వున్నవు. కని జర... కనవడితె చెయ్యి పట్టి తీస్కరా. నాలుగు అని చెప్పు. దానికి అదొక్కటే తెలుస్తలేదు."

సరే అన్నాను. ఏడుస్తున్న మనిషికి కాదని చెప్పలేక అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, పోను, పెట్టుకోను, డబ్బా లేకుండానే పడుకుంటాను అనుకున్నాను.

గురువారం ఆ మాటే డాక్టరమ్మకు చెప్పాను. ఒకసారి బల్ల మీద పడుకోబెట్టి చూసింది. పైన లైటు వెలిగింది, స్పిరిట్ వాసన వచ్చింది. అంతే. బీపీ నూట అరవై ఎనిమిది. రేపు కూడా ఇట్లనే ఉంటే వాయిదా వేస్తానంది. గడ్డ కరిగించి పిండాన్ని బయటికి తీశాక మాత్రం ఇక వాయిదా ఉండదంది.

"పెట్టుకుంటా మేడం," అన్నాను.

శుక్రవారం పదకొండున్నర. మా ఆయన బయట కుర్చీలో కూర్చున్నాడు. లోపల డాక్టరమ్మ, ల్యాబ్ ఆమె, ఒక సిస్టర్, నా తల దగ్గర తహసీన్. ఛార్జింగ్ నిండా ఉందని నాకు రెండుసార్లు చూపించింది. పట్టీ బిగిస్తూ చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"ఏమన్న అనిపిస్తె కుడిచెయ్యి లేపు. నేను తీసేస్త."

అడవి తెరుచుకుంది. పది... తొమ్మిది... ఎనిమిది... ఒళ్లు దానంతటదే వదులవుతోంది. మనసు మాత్రం గట్టిగా గుంజుకుంటోంది. ఐదు... నాలుగు... వాసన. మూడు... రెండు... ఒకటి. వాగు. ఎండలో నీళ్లు మెరుస్తున్నాయి. అడుగు మెట్టు మీద ఎవరూ లేరు. ఖాళీ రాయి.

చీకటి పడింది.

ఎక్కడో చాలా దూరంగా డాక్టరమ్మ గొంతు వినబడింది. "ట్యూబు రెడీయా?" ఆ మాట కూడా మునిగిపోయింది. ఇప్పుడు నీళ్లు మాత్రమే. చీకటి ఎంత చిక్కగా ఉందంటే, కళ్లు మూసుకున్నానో తెరుచుకున్నానో తెలియడం లేదు.

"ఒకటి... రెండు... మూడు..."

అక్కడే ఉంది.

"ఒకటి... రెండు... మూడు..."

ధైర్యం కూడగట్టుకున్నాను. "నాలుగు," అన్నాను. "నాలుగు, మమతా. తర్వాత నాలుగు."

గుసగుస ఆగింది. నీళ్ల చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

"ఓంప్రకాశ్ పంపిండు. నాతోని రా."

గాజులు గలగలమన్నాయి, ఒక్కసారిగా, లేచి నిలబడ్డట్టు. నేను కుడిచెయ్యి చీకట్లోకి చాపాను. కొంచెం సేపు ఏమీ లేదు. వేళ్లకు చల్లగాలి తగిలింది. తర్వాత... చల్లటి, తడి వేళ్లు వచ్చి నా వేళ్లను పట్టుకున్నాయి.

'ఇప్పుడు మనం పైకి వస్తున్నాం,' అంది రికార్డు గొంతు. 'ఒకటి.'

వెలుతురు మెల్లగా రాసాగింది. మెట్లు కనబడ్డాయి. ఆ వీడియోలో నాకు చేతులుండవు, కాళ్లుండవు. కిందికి చూస్తే రాళ్లే కనబడతాయి. నా పక్కన ఎవరున్నారో చూడటానికి లేదు. పట్టు మాత్రం తెలుస్తోంది.

'రెండు.'

'మూడు.'

ఇక్కడే ఆగింది ఆమె.

'నాలుగు.'

దాటాం. చెయ్యి జారలేదు. నాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలలుగా అక్కడ కూర్చున్న మనిషిని తీసుకొస్తున్నాననుకున్నాను. వేళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

'ఐదు.'

గాజుల చప్పుడు.

నా పక్కన కాదు... కింద. అడుగు మెట్టు దగ్గర.

"అక్కా... చెయ్యి ఏది?"

'ఆరు.'

అప్పుడు నాకు నా చేతిలో ఉన్నది తెలిసింది. ఆ మణికట్టుకు గాజులు లేవు. ఆ చెయ్యి నా చేతిని పట్టుకోలేదు. నా వేళ్లు రెండింటిని మాత్రమే పట్టుకుంది. అంతకంటే పట్టేంత అరచెయ్యి దానికి లేదు. మెత్తగా, ఎముక లేనట్టుగా ఉంది. బొటనవేలితో తడిమాను. ఆ వేళ్లకు గోర్లు లేవు.

'ఏడు.'

విదిలించాను. రాలేదు. తహసీన్ చెప్పినట్టు కుడిచెయ్యి లేపాలనుకున్నాను. ఆ చెయ్యి లేవడం లేదు... కింది నుంచి బరువు.

'ఎనిమిది.'

అది గుంజడం లేదు. నాతో పాటు ఎక్కుతోంది. అడుగుల చప్పుడు లేదు. ఒక్కో మెట్టు మీద తడిబట్ట పడ్డట్టు చప్పుడు. నా కంటే సగం మెట్టు వెనక.

'తొమ్మిది.'

"అక్కా, నేను ఇంకా ఇక్కడ్నే ఉన్న..." కింద ఆమె ఏడుస్తోంది. "నన్ను ఇడిశిపెట్టి పోకు... అది ఎవరు... నీతోని వచ్చేది ఎవరు..."

'పది. కళ్లు తెరవండి.'

తహసీన్ డబ్బా తీసింది. తెల్లటి లైటు. డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వుతోంది. "మంచిగ పెట్టినం నవీనా. కొంచెం కూడ కదలలేదు నువ్వు. బీపీ నూట పద్దెనిమిది."

నా కుడి పిడికిలి బిగుసుకొని ఉంది. తహసీన్ ఒక్కొక్క వేలు విప్పింది. అరచెయ్యంతా తడి. సిస్టర్ చెమట అనుకొని దూదితో తుడిచింది. తుడిచి, ఆ దూదిని ముక్కు దగ్గర పెట్టుకొని, చెత్తడబ్బాలో వేసింది. మళ్లీ పోయి చేతులు కడుక్కుంది.

సాయంత్రం ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు.

"పన్నెండింటికి మాట్లాడింది అక్కా. ఇన్ని దినాలకు తనంతట తనే మాట్లాడింది." ఆయన గొంతులో సంతోషం లేదు. "చెయ్యి అందియ్యబోయిన, నా కంటె ముందల ఇంకొకటి అందుకున్నది అన్నది. ఆడ నేనొక్కదాన్నే ఉన్ననని అనుకున్న అన్నది. దాని తర్వాత ఏడుసుడే."



మూడు రోజులకు తహసీన్ ఫోన్. కేంద్రం వాళ్లు డబ్బాను శనివారం కంపెనీకి తిప్పి పంపుతున్నారట. తను కూడా ఉద్యోగం మానేస్తోందట. "పంపక ముందు ఇంకొక్కసారి వస్తవా అక్కా? ఆమె కోసం. నేను పెట్టుకొని చూసిన. నాకు ఏం వినవడ్తలేదు. నీకైతె వినవడ్తది."

బస్సు కుదుపులు మంచివి కావు, కదలొద్దన్నారు అని చెప్పాను. డాక్టరమ్మ అట్లా అనలేదు. మామూలుగా తిరగమనే చెప్పింది. నేను భయపడ్డాను. కడుపులో ఉన్నదాన్ని తీసుకొని ఆ మెట్లు మళ్లీ దిగలేకపోయాను. అక్కడ ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. శనివారం పోయింది. నేను పోలేదు.

ఓంప్రకాశ్ తర్వాత కూడా ఫోన్ చేసేవాడు. మొదట్లో ఎత్తి, ఏమీ చెప్పలేక పెట్టేసేదాన్ని. తర్వాత ఎత్తడం మానేశాను. కొన్నాళ్లకు ఆయన చేయడం మానేశాడు. ఆమె ఎట్లా ఉందో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

పద్నాలుగో రోజు రక్తపరీక్ష మంచిగా వచ్చింది. మా ఆయన డిపోలోనే కూర్చొని ఏడ్చాడట. స్కానింగ్‌లో గుండె చప్పుడు వినిపించారు. గుర్రం పరుగెత్తినట్టు గట్టిగా ఉంది. నేను మాత్రం తెర మీద ఇంకా ఏమన్నా ఉందేమోనని మూలలన్నీ వెతికాను.

"ఒక్కటే గద మేడం?" అని అడిగాను.

"ఒక్కటే పెట్టినం, ఒక్కటే ఉన్నది," అంది డాక్టరమ్మ. "ఎంత ఉండాలెనో అంతనే ఉన్నది. ఇంక ఏ రంది పెట్టుకోకు."

ఇప్పుడు నాకు ఐదో నెల. ఏ ఇబ్బందీ లేదు. అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది. రోజూ కంపెనీకి పోయి వస్తున్నాను. సాయంత్రం నేను రాగానే అత్తమ్మే తలుపు తీస్తుంది. ఈ మధ్య ఒకటి గమనించాను. నేను లోపలికి వచ్చాక కూడా ఆమె తలుపు వేయదు. పట్టుకొనే నిలబడుతుంది. నేను చెప్పులు విడిచి, సంచి కుర్చీలో పెట్టి, వంటింట్లోకి పోయి నీళ్లు తాగేదాకా అట్లాగే పట్టుకొని ఉంటుంది. వీధిలో ఎవరినో చూస్తోందేమో అనుకున్నాను.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "ఎవరన్నా వస్తున్నరా అత్తమ్మా?"

ఆమె వీధిలోకి చూసింది. తర్వాత తలుపు మీద ఉన్న తన చేతిని చూసుకుంది.

"ఎవ్వరు లేరు బిడ్డా," అంది. "ఎందుకో చెయ్యి తలుపు ఇడుస్తలేదు."

అట్లా అంటూనే కొంగు దగ్గరికి తీసుకొని, దారి ఇచ్చినట్టు గడప మీది నుంచి కొంచెం పక్కకు జరిగింది. కాసేపు ఆగింది. ఆ తర్వాత తలుపు వేసి గడియ పెట్టింది.